జిగురాయన చెరిపిన గుర్తు

ఆయన వేళ్ల సందుల్లో ఎప్పుడు చూసినా ఎండిన మైదా జిగురే. గోళ్ల అంచుల్లో, జిగురుకి పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం నీలం. నలభై ఏళ్లుగా పుస్తకాలకి అట్టలు కట్టే మనిషికి అంతకంటే శుభ్రమైన చేతులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకే వీధి మొత్తం ఆయన్ని జిగురాయన అంటుంది. అసలు పేరు ఆయన భార్యకీ ఓటర్ల జాబితాకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆవిడ పేరు పెట్టి పిలవదు, జాబితా మాట్లాడదు.

దుకాణమంటే ఇంటి ముందుగదే. వీధిలోకి తెరుచుకునే తలుపు, మధ్యలో పొడుగాటి బల్ల, మూల చక్రం తిప్పి బిగించే ఇనప ప్రెస్సు, కిటికీ కింద సూదులూ దారాలూ దబ్బనాలూ. ఆఫీసు రిజిస్టర్లు, బడి హాజరుపట్టీలు, ఎవరో ప్లీడరుగారి లావుపాటి పుస్తకాలు గోడ వారన పేర్చి ఉంటాయి. ఎప్పుడిస్తావయ్యా అంటే "రేపు" అంటాడు. ఆ రేపు ఏ రేపో అడిగినవాళ్లు తక్కువ, ఎందుకంటే కట్టిన అట్ట మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటుందని అందరికీ తెలుసు.

ఇక వెనకగది. అబ్బో, అది వేరే లోకం. పాత తలుపు చెక్కలు కోసి ఆయన స్వయంగా చేసుకున్న బల్లపరుపు సొరుగులు, ఒకదాని మీద ఒకటి పద్నాలుగు. వాటిలో అరవై ఒక్క పటాలు. ఎప్పుడో జరిగిన పెద్ద యుద్ధం తాలూకువి. సేనాపతులు ముందు పరుచుకుని కర్రతో పొడిచే పటాలు కావవి. యుద్ధం ముగిశాక, ఇంటికి తీసుకుపోయే ఓడ కోసం కాళ్లు చాపుకుని ఎదురుచూస్తూ, ఒక్కో సైనికదళం తనకోసం తాను అచ్చు వేయించుకున్న పటాలు. ఓడ దిగిన రేవు నుంచి ఆఖరి ఊరిదాకా తాము నడిచిన దారంతా ఎర్రగీత. ఆ గీత పొడుగునా బొమ్మలు. అంతకుముందు సైనుబోర్డులు రాసుకునే కుర్రాడెవడో దళంలో ఉంటే, వాడి చేత గీయించేవారు. ఒక్కో జవానుకి ఒక్కో ప్రతి. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, పెళ్లాం పిల్లలకి వేలు పెట్టి చూపించుకోవడానికి.

వాటిలో ఏముంటుందనుకున్నారు? ఫిరంగులూ జెండాలూ ఏ మూలో ఉంటే ఉంటాయి. మిగతాదంతా మనుషులే. వరదలో తేలిపోతున్న వంటపాత్ర వెనకాల గరిటె పట్టుకుని ఈదుతున్న వంటవాడు. పడవ ఎక్కనని మొరాయిస్తున్న కంచరగాడిద, దాని తోక పట్టుకుని నలుగురు. బురదలో బూటు వదిలేసి ఒంటికాలి మీద గెంతుతున్న అధికారి. "ఇక్కడ తొమ్మిది రోజులు వాన. ఇక్కడ ఉత్తరాలు వచ్చాయి. ఇక్కడ రాలేదు." ఇలా చిన్న చిన్న అక్షరాలు. "చరిత్ర పుస్తకాల్లో గెలిచినవాడి పేరుంటుంది, గాడిద పేరుండదు. ఇదిగో, ఇక్కడుంది," అని చూపిస్తాడు జిగురాయన, కళ్లు పెద్దవి చేసి. సముద్రం మొహం చూడని మనిషి, అరవై ఒక్క దళాలతో కలిసి అరవై ఒక్క దారులు నడిచాడు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఒకసారి ఏదో పాత రిజిస్టరు ఊడదీస్తే, అట్ట లోపల అస్తరుగా అలాంటి పటం ఒకటి అతికించి ఉంది. పాతకాలపు బైండరు మహానుభావుడెవరో చేతికి దొరికిన కాగితం వాడేశాడు. దాన్ని ఆవిరి పట్టి మూడు రోజులు తీశాడు మనవాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో నీళ్లు కాచుకోవడానికి గిన్నె లేదు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట," అంది భార్య. చుట్టించుకున్నాడు కూడా. ఆ తర్వాత ఊళ్లో పాతకాగితాల కొట్టువాడు యుద్ధపటం ఎక్కడ కనబడినా జిగురాయన కోసం తీసి పక్కన పెట్టడం మొదలెట్టాడు.

ఆయన పనితనం చూసి తీరాలి. చీకిపోయి, మడతల దగ్గర ముక్కలై, చెమటా టీ మరకలూ నిండిన పటం వస్తుంది. ముందు ఎండు బ్రెడ్డు పొడి చల్లి అరచేత్తో గుండ్రంగా రుద్దుతాడు. దుమ్మంతా ఆ పొడి పీల్చేసుకుంటుంది. "నాకెప్పుడైనా బ్రెడ్డు తెచ్చారా? కాగితాలకి మేపుతారు," అంటుంది ఇల్లాలు. తర్వాత పెన్సిలు గీతలు రబ్బరుతో తుడుస్తాడు. తేమ పట్టించి మడతలు సాపు చేస్తాడు. వెనకాల ఉల్లిపొర లాంటి కాగితం పల్చటి జిగురుతో అతికి, ప్రెస్సులో వారం బిగిస్తాడు. బయటికి తీస్తే కడిగిన ముత్యం. దేశాలు తిరిగిన పెద్దమనుషులు వచ్చి చూసి, "ఔరా, నిన్న అచ్చయినట్టుందే!" అని ముక్కున వేలేసుకునేవారు. ఆ మాట వింటే జిగురాయనకి రెండు పూటలు ఆకలెయ్యదు.

అలా రోజులు హాయిగా గడిచిపోతుంటే, ఒకనాడు పదకొండు గంటలకి ఒక పెద్దావిడ చేతికర్ర తాటిస్తూ గుమ్మం ఎక్కింది. ఎనభై ఒకటో ఏడు. నడుం వంగింది కానీ గొంతు వంగలేదు.

"యుద్ధపటాలు కొనేది మీరేనా నాయనా?"

"నేనేనమ్మా. కూర్చోండి."

కూర్చుంది. జిగురాయన భార్య మంచినీళ్లు తెచ్చిచ్చింది. పెద్దావిడ గ్లాసు పూర్తిగా తాగి, పక్కన పెట్టి, మొదలుపెట్టింది. వాళ్ల అన్న ఆ యుద్ధంలోకి వెళ్లాడు. రాలేదు. చనిపోయాడని కూడా రాలేదు కబురు. "ఆచూకీ తెలియలేదు" అని ఒక కాగితం వచ్చింది, అంతే. మరుసటేడు అన్నతో కలిసి ఒకే దళంలో ఉన్న స్నేహితుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి ఈవిడకి పదిహేనేళ్లు. ఆయన అరుగు మీద ఒక పటం పరిచి, "అమ్మా, ఇదిగో ఇక్కడ, నేనే స్వయంగా పూడ్చాను. మర్చిపోకుండా పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను," అన్నాడు. అంతే, వాళ్లమ్మ శివాలెత్తింది. "నా కొడుకు బతికే ఉన్నాడు! వాణ్ణి పూడ్చానంటావా, నీ నోరు పడిపోను!" అని పటం ఆయన మొహాన విసిరికొట్టి, గుమ్మం దాకా కూడా రానివ్వకుండా తరిమేసింది. ఆయన పటం ఏరుకుని, మడుచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

"అమ్మ పోయేదాకా ఆ మాట ఇంట్లో ఎత్తడానికి లేదు. తర్వాత నేను సైనికుల సమాధులు చూసుకునే ఆఫీసుకి రాస్తూనే ఉన్నాను. వాళ్లు ఒకటే మాట. పేరు తెలీని సమాధులు వందలున్నాయమ్మా, ఏ చోట పూడ్చారో చెబితే వెతుకుతాం అని. పోయినేడు దళం జాబితాలో ఆ స్నేహితుడి చిరునామా దొరికింది. వెళ్లాను. ఆయన పోయి పన్నెండేళ్లయిందట. మనవడున్నాడు. తాతగారి కాగితాలన్నీ పాతకాగితాల కొట్టుకి వేసేశామన్నాడు. ఆ కొట్టువాడేమో, యుద్ధపటమైతే జిగురాయనే పట్టుకుపోయి ఉంటాడు అన్నాడు." దళం నంబరు చెప్పింది.

ఆ నంబరు జిగురాయనకి కంఠతా వచ్చు. తొమ్మిదో సొరుగు. కంచరగాడిద పటం. అరవై ఒక్కటిలో తన పనితనానికి పరాకాష్ఠ అని అందరికీ చూపించే పటం. దాని మీద నది పక్కన పెన్సిలు పిచ్చిగీతలుండేవి. బాగా గుర్తు. ఎంత రుద్దినా గాడి పోవట్లేదని విసుక్కుంటూ రెండు రబ్బర్లు అరగదీశాడు.

తీసుకొచ్చి బల్ల మీద పరిచాడు. పెద్దావిడ కళ్లద్దాలు తుడుచుకుని, పటం మీదికి వంగి, ఎర్రగీత వెంట అంగుళం అంగుళం వెతికింది. నది ఒంపు ఒంపునా వెతికింది.

"ఏదీ నాయనా గుర్తు?"

"వచ్చినప్పుడే ఇలా ఉందమ్మా," అన్నాడు జిగురాయన.

నలభై ఏళ్లలో "రేపు" తప్ప వేరే అబద్ధం ఆడని నోరది. భార్య లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు రబ్బరు పొట్టు ఊడ్చిన మనిషి ఆవిడే. ఆవిడ నోరు విప్పితే జిగురాయనకి భయం లేదు, అలవాటే. విప్పలేదు.

పెద్దావిడ "సరే నాయనా, మీరేం చేస్తారు," అని లేచింది. కర్ర తాటిస్తూ మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెళ్లిందో లేదో, జిగురాయన చెప్పుల్లేకుండా పరిగెత్తాడు.

"అమ్మా, ఆగండి. గుర్తు ఉండేది. నేనే చెరిపేశాను."

ఆవిడ ఆగింది. "ఏం రాసుంది?"

"తెలీదమ్మా. చదవలేదు."

"చెరిపే ముందు చదవనైనా చదవలేదా?"

"మురికి అనుకున్నాను."

ఇస్త్రీ బండివాడు, కూరగాయలకి వచ్చినవాళ్లు చూస్తుండగా, నడివీధిలో తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరైనా సర్దిచెప్పుకునేవాళ్లే. కాలమే చెరిపేసిందనో, కాగితం పాతదనో. ఆయన అలాంటిదేమీ అనలేదు. అది చూసే, ఆ వీధివాళ్లకి ఆయనంటే అంతకుముందున్న గౌరవం రెట్టింపయింది. ఆయనకి మాత్రం తన మొహం తనకే చూసుకోబుద్ధి కాలేదు.

"మా అమ్మ చూడకుండా విసిరేసింది. మీరు చదవకుండా చెరిపేశారు," అంది పెద్దావిడ. కోపంగా కూడా అనలేదు. "మావాడి రాతే అంత."

"ఒక్క నెల టైమివ్వండమ్మా. ఏదో దారి చూస్తాను."

"నెల రోజులు నేనుంటే అదృష్టమే. చూడండి."

ఆ పూట జిగురాయన అన్నం ముట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని ఎవరైనా అనొచ్చు. ఆయనకి ఆకులే దిక్కు. మర్నాడు పొద్దున్నే పటాన్ని గుమ్మంలోకి తెచ్చి, ఏటవాలు ఎండలో పెట్టి చూశాడు. అట్ట మీద కాగితం ఎక్కడ ఉబ్బిందో చూసుకోవడానికి బైండర్లు చేసే పనే అది. నిలువు వెలుతురులో కనబడనిది పక్కవెలుతురులో కనబడుతుంది. ఏమీ కనబడలేదు. తన ప్రెస్సు తన పని అంత బాగా చేసింది మరి!

అప్పుడు తట్టింది. పైనుంచి గట్టిగా నొక్కి రాస్తే అక్షరం కాగితం వెనకవైపుకి పొడుచుకొస్తుంది. రిజిస్టర్లలో రోజూ చూసేదే. ముందువైపు గాడి సాపయినా వెనక ఉబ్బు కాస్తయినా మిగిలుండొచ్చు. కానీ వెనకవైపు తను అతికిన పొర కాగితం ఉంది. దాన్ని తియ్యాలి. తడిపితే సుఖంగా ఊడుతుంది, కానీ తడి తగిలితే ఆ మిగిలిన ఉబ్బు కూడా చదునైపోతుంది. పొడిగానే తియ్యాలి. పొడిగా తీస్తే పటం చిరుగుతుంది. ఆయన అతికిన అతుకు కదా, ఊరికే ఊడుతుందా?

"చిరిగితే చిరగనివ్వండి," అంది భార్య.

"ఇలాంటిది ఇంకెక్కడా లేదే."

"ఆవిడకి అన్న కూడా ఇంకెక్కడా లేడు."

ఆ మాటతో బల్ల గుమ్మానికి అడ్డంగా జరిపాడు. ఎండ వచ్చే చోటు అదొక్కటే. పటం బోర్లా పరిచి, నది పొడుగునా నాలుగు వేళ్ల మేర గుర్తు పెట్టుకుని, కోడిగుడ్డు పెంకంత పల్చగా సానబెట్టిన కత్తితో పొర లేపడం మొదలెట్టాడు. పూటకి బొటనవేలంత జాగా. ఊపిరి బిగబట్టి గోరుతో, కత్తితో, మళ్లీ గోరుతో. రిజిస్టర్ల కోసం వచ్చినవాళ్లు బల్ల కింద నుంచి దూరి లోపలికొచ్చి, "రేపు" అనిపించుకుని, మళ్లీ దూరి వెళ్లిపోయేవారు. మెడ పట్టేసింది. కళ్లు ఎర్రబడ్డాయి. ఐదో రోజు కత్తి జారి కంచరగాడిద మీదుగా పటం బెత్తెడు చిరిగింది. ఒకప్పుడు మడత కాస్త విడిపోతేనే విలవిల్లాడే మనిషి, ఆ చిరుగు వైపు ఒకసారి చూసి, కత్తి తుడుచుకుని, మళ్లీ వంగాడు. అదీ ఆయన పెద్దరికం. భార్య అది చూసి పక్కకెళ్లి కొంగుతో కళ్లొత్తుకుంది, తర్వాత వచ్చి "టీ చల్లారిపోతోంది" అని కసిరింది.

తొమ్మిదో రోజు పొద్దున, ఎండ బల్ల మీద పడుకున్న వేళ, కాగితం మీద ఇసక రేణువంత నీడ కనబడింది. దాని పక్కన ఇంకోటి.

"ఏమే! ఇలా రా! నా గడ్డం గీసుకునే అద్దం పట్రా!"

వెనకవైపు కదా, అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఆయన పటం కదలకుండా పట్టుకున్నాడు. అద్దం ఆవిడే పట్టుకుని, ఒక కన్ను మూసి, కూడబలుక్కుంటూ చదివింది.

"ఇంటూ గుర్తు ఒకటుంది. పక్కన... రెం... రెండో వంతెన. ఎడమ గట్టు. కింద ఇంకేదో... బూ... బూట్లు. బూట్లు నావి."

"బూట్లు నావి ఏమిటే? సరిగ్గా చూడు."

"మీకు జిగురుంది, నాకు కళ్లున్నాయి. బూట్లు నావి అనే ఉంది."

అర్థం కాలేదు ఇద్దరికీ. ఇదివరకటి జిగురాయనైతే అక్కర్లేని ముక్క అని వదిలేసేవాడే. ఇప్పుడు మాత్రం అక్షరం వదలకుండా తెల్లకాగితం మీద రాశాడు, ఎక్కడ ఎంత నొక్కి ఉందో కూడా రాశాడు. నకలు తీసి, ఇంటూ గుర్తు ఏ ఒంపులో ఉందో కొలత వేసి, బస్సెక్కి వెళ్లి పెద్దావిడ చేతిలో పెట్టొచ్చాడు. ఆవిడ ఆఫీసుకి పంపింది.

ఐదు నెలలు ఉలుకూ పలుకూ లేదు. జిగురాయన ఈ మధ్యలో ఇంకో రెండు పటాలు సంపాదించాడు. ఒకదాని మీద ఎవరో పెన్సిలుతో కూడికలు వేసుకున్నారు. ముట్టుకోలేదు. రబ్బర్లన్నీ పక్కింటి పిల్లలకి పంచిపెట్టేశాడని వీధిలో చెప్పుకున్నారు.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం పెద్దావిడే వచ్చింది, చేతిలో కవరుతో. "నేను చదివాను. మీరూ వినాలి," అని జిగురాయన భార్య చేతికిచ్చింది. ఆవిడ నిలబడే చదివింది.

రెండో వంతెన ఎడమ గట్టున యుద్ధమయ్యాక ఒక జవాను దేహం దొరికిందట. ఒంటి మీద ఆనవాలు ఏమీ లేదు, బూట్ల మీద కొట్టిన సైనిక సంఖ్య తప్ప. ఆ సంఖ్య గల మనిషి ఎవరని చూస్తే, ఆయన బతికే ఉన్నాడు, ఇంటికి చేరాడు. అందుకని ఇదేదో పొరపాటనుకుని, పేరు లేని సమాధుల వరసలోకి మార్చేశారు. ఇన్నేళ్లూ అలాగే ఉంది. మీరు పంపిన కాగితంలో "బూట్లు నావి" అన్న రెండు మాటలతో ఆ చిక్కు వీడిపోయింది, బూట్లవాడే మీ అన్నగారిని పూడ్చిన స్నేహితుడు, రాతి మీద మీ అన్నగారి పేరు చెక్కిస్తున్నాం అని రాశారు. లోపల ఫోటో కూడా ఉంది. కొత్తగా చెక్కిన తెల్లటి అక్షరాలు.

జిగురాయన ఫోటో కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఏడుపూ నవ్వూ ఏకకాలంలో వచ్చాయి ఆయనకి.

పెద్దావిడ మాత్రం ఏడవలేదు. "ఆ పటం ఓసారి పరవండి," అంది.

పరిచాడు. చిరుగు చిరుగులాగే ఉంది, అతకలేదు. ఆవిడ రెండో వంతెన దగ్గర వేలు పెట్టింది.

"మావాడు చలికి ఓర్చుకోలేడు. చిన్నప్పుడు నా దుప్పటి కూడా లాక్కుని కాళ్లకి చుట్టుకునేవాడు. అది ఆ స్నేహితుడికి తెలిసే ఉంటుంది, తన బూట్లు విప్పి వాడికి తొడిగి పూడ్చాడు." వేలు అక్కడే ఉంచి అడిగింది, "వీళ్లు ఇక్కడికి ఎప్పుడొచ్చారు?"

"చలికాలం నడిమధ్య అమ్మా. ఇదిగో, తారీఖు వేశారు."

"ఇక్కడి నుంచి?"

ఆవిడ వేలు ఎర్రగీత మీద కదిలింది. మంచు బొమ్మ దాటింది. నెగడు చుట్టూ చేతులు చాపిన జవాన్లని దాటింది. "ఇక్కడ పదకొండు రోజులు మంచు" అన్న అక్షరాలు దాటింది. కొండ ఎక్కి దిగింది. పటం చివర ఆఖరి ఊరి దగ్గర ఆగింది.

"ఇదంతా ఒట్టికాళ్లతోనా నాయనా?"

"కొత్తవి ఎప్పుడిచ్చారో పటంలో లేదమ్మా," అన్నాడు జిగురాయన. అబద్ధం ఆడదలచుకోలేదు. "ఇచ్చేదాకా మాత్రం ఒట్టికాళ్లే."

అప్పుడు ఏడిచింది పెద్దావిడ. అన్న కోసం అరవై ఆరేళ్లలో ఏడవాల్సినంతా ఏడ్చేసింది. ఇది అన్న కోసం కాదు.

"మా అమ్మ ఆయన మొహాన విసిరికొట్టింది. గుమ్మం ఎక్కనివ్వలేదు. నేను అక్కడే నిలబడి చూశాను, మంచినీళ్లయినా ఇవ్వలేదు," అంది. జిగురాయన భార్య వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది. కాసేపటికి పెద్దావిడ కళ్లు తుడుచుకుని కర్ర అందుకుంది.

"పోయినేడు ఆ మనవణ్ణి కూడా గుమ్మంలోనే నిలబెట్టి, పటం ఏది అని అడిగి వచ్చేశాను. వాళ్ల తాత ఏం చేశాడో ఆ అబ్బాయికి తెలీదు. వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. మీరూ రండి నాయనా, ఆ పటం పట్టుకుని."